ఉప్పునీటి మందు వంతు

ఎండుమిట్ట ఊళ్ళో తెలివైన ఇల్లు ఏదని అడిగితే ఊరివాళ్ళు నాలుగు రకాలుగా చెబుతారు గాని, మర ఇంటివాళ్ళని అడిగితే ఒక్కటే మాట చెబుతారు. మాదే అంటారు. గొప్పకి అనరు, పాపం నిజమనుకునే అంటారు. పిండిమర, కారంమర ఒకే కప్పు కింద నడిపే ఇల్లు అది. పెద్దవాడు బసవపున్నయ్య, అతని భార్య వెంకాయమ్మ, అతని తమ్ముళ్ళు పేరయ్య, కోటిలింగం. పొద్దున్నే లేచి, నెత్తిన పిండి, ముక్కులో కారం పడుతుండగా, ఇంత తెలివి మన ఒక్క ఇంట్లోనే ఎందుకు పడిందంటావని ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకుని పనిలోకి దిగేవాళ్ళు.

వాళ్ళ తెలివికి మూలం ఒక్కటే. ఎదుటివాడు ఏ మాట చెబితే ఆ మాట అక్షరం పొల్లుపోకుండా చెయ్యడం. సొంత బుర్ర కలిపితే మాట చెడిపోతుందని వాళ్ళ నాన్న చెప్పాడు. ఆ మాటనీ అక్షరం పొల్లుపోకుండా పాటించారు. ఒకసారి కరెంటాయన కోటిలింగాన్ని స్తంభం దగ్గర నిలబెట్టి, ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తానని వెళ్ళి మర్చిపోయాడు. అంతే, కోటిలింగం అక్కడే ఉన్నాడు. వెంకాయమ్మ అన్నం అక్కడికే మోసింది. వానొస్తే పేరయ్య గొడుగు పట్టాడు. కరెంటాయన మళ్ళీ మీటరు చూడ్డానికి వచ్చి, ఇంకా ఇక్కడే ఉన్నావేందయ్యా అని నోరు వెళ్ళబెడితే, చూశారా ఎంత ఆశ్చర్యపోయాడో అని ఇల్లంతా పొంగిపోయింది.

మరలో ఇంకో కట్టుబాటు ఉంది, వంతు. ఆడవాళ్ళు బియ్యమో మిరపకాయలో డబ్బాల్లో తెచ్చి, వరసలో పెట్టి, ఇళ్ళకి పోయి వంట చూసుకుని వస్తారు. మనిషి లేకపోయినా డబ్బా ఉంటే చాలు, ముందు వచ్చిన డబ్బాది ముందు వంతు. వరస దాటించమని సర్పంచిగారు స్వయంగా వచ్చి అడిగినా, మీ మర్యాద మీది, డబ్బా మర్యాద డబ్బాది అని బసవపున్నయ్య చేతులు జోడించి వెనక్కి పంపాడు. ఎవరో పారేసిన ఖాళీ డబ్బా ఒకటి దొర్లుకుంటూ వచ్చి వరసలో నిలబడితే, దాని వంతు రాగానే మరని ఖాళీగానే తిప్పి, ఖాళీగానే పట్టి, మూత పెట్టి పక్కనుంచారు. న్యాయం అంటే అదీ అని ఆ పూట అన్నాలు తింటూ చాలాసేపు చెప్పుకున్నారు.

అలాంటి బసవపున్నయ్యకి ఆయాసం పట్టుకుంది. ఏళ్ళ తరబడి పీల్చిన పిండీ కారమూ ఊరికే పోతాయా? కఫం ఛాతీలో గడ్డకట్టి, ఊపిరి తీస్తే లోపల సన్నగా కూత వేసేది. పడుకుంటే కఫం గొంతులోకి ఎగదన్నేది. అందుకని గోడకి ఆనుకుని కూచునే కునికేవాడు. పక్కనే మంచం, మంచం మీద పక్క, ఆ పక్క మీద మనిషి నడుం వాల్చి ఎన్నాళ్ళయిందో. వెంకాయమ్మ రోజూ ఆ దుప్పటి దులిపి మళ్ళీ పరిచేది. తెలివిలో ఆవిడ ఆ ఇంట్లో ఎవరికీ తీసిపోదు. మొగుడి మీద ప్రేమలో మాత్రం ఊళ్ళో ఎవరికీ తీసిపోదు. ఆయన ఒక్కసారి ఆ మంచం మీద కాళ్ళు బార్లా చాపుకుని నిద్రపోతే చూడాలి, అంతకు మించి ఆవిడ ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు.

పట్నంలో ఛాతీ డాక్టరు ఒకాయన ఉన్నాడంటే నలుగురూ బస్సెక్కారు. డాక్టరు మంచివాడే. కాకపోతే పోలిక చెప్పకుండా ఒక్క ముక్కా మాట్లాడలేడు. పల్లెటూరివాళ్ళకి పోలికతో చెబితేనే ఎక్కుతుందని చదువుకునే రోజుల్లో ఎవరో ఆయన చెవినేసి ఉంటారు. బసవపున్నయ్య ఛాతీ విని, వీపు విని, తల పంకించి మొదలుపెట్టాడు.

"చూడండమ్మా, ఛాతీ అంటే ఇల్లు లాంటిది. ఇప్పుడు ఆ ఇంటి తలుపులన్నీ బిగుసుకుపోయాయి. లోపల బురద పేరుకుంది. ముందు తలుపులు తెరవాలి. ఓ పావుగంట ఆగాలి. ఆ తర్వాత ఉప్పునీళ్ళు పోసి బురదని పలచన చెయ్యాలి. అప్పుడు గట్టిగా దగ్గి బయటికి ఊడ్చెయ్యాలి. తలుపులు తెరవకుండా నీళ్ళు పోశారో, ఇల్లు ఇంకా బిగుసుకుంటుంది."

తర్వాత నెబులైజరు మిషను చూపించాడు. చిన్న గిన్నెలో మందు పోసి, మూతికి తొడుగు పెట్టుకుని, మీట నొక్కితే మందు పొగలాగా వస్తుంది, దాన్ని నోటితో పీల్చాలి. మందులు రెండు. ఒకటి ఊపిరి గొట్టాలు తెరిచేది, రెండోది కఫాన్ని పలచన చేసే ఉప్పునీటి మందు. రెండూ ఒకసారి కలిపి పొయ్యొద్దన్నాడు. మనిషి దుమ్ముకి దూరంగా ఉండాలన్నాడు. ఆదివారం దాకా చూసి, తగ్గకపోతే పెద్దాసుపత్రిలో చేర్చాలన్నాడు. ఆ ఆఖరి మాటకి వెంకాయమ్మ మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాళ్ళ వీధిలో పెద్దాసుపత్రికి వెళ్ళినవాళ్ళు వెళ్ళారు గాని, తిరిగి రావడం ఆవిడ చూడలేదు.

మందుల షాపులో మిషను దొరికింది, ఉప్పునీటి మందు బుడ్లు దొరికాయి. తెరిచే మందు అయిపోయిందట. రేపు పొద్దుటి బస్సులో పంపిస్తానన్నాడు షాపతను. సరేనని ఇంటికొచ్చారు. దుమ్ముకి దూరంగా ఉండాలన్నారు గదా అని బసవపున్నయ్యని మర వైపు వీపు పెట్టి కూచోబెట్టారు. మందు రేపొస్తుంది, ఇవ్వాళ ఖాళీగా ఉండటం దేనికి, డాక్టరు చెప్పిన ఇంటి పని కానిచ్చేద్దాం అన్నాడు పేరయ్య.

ఇంకేముంది, తలుపులు తెరవడం మొదలుపెట్టారు. వీధి తలుపు, దొడ్డి తలుపు, వంటింటి తలుపు, బీరువా తలుపులు, కోళ్ళగూడు తలుపు, దూడల కొట్టం తడిక. తలుపులన్నీ అన్నాడు గదా డాక్టరు, డబ్బా మూతలు మాత్రం తలుపులు కావా అని కోటిలింగం అడిగితే, నిజమే సుమా అని మరలో వరసగా ఉన్న డబ్బాల మూతలన్నీ తీశారు. ఆ తర్వాత పేరయ్యకి అనుమానం వచ్చింది, బిగుసుకున్న తలుపులు పక్కింట్లో కూడా ఉంటే ఆ గాలి మనింట్లోకే గదా వచ్చేదని. వెళ్ళి పక్కింటి తలుపు తోశాడు. లోపల స్నానం చేస్తున్న పెద్దాయన చెంబు విసిరితే, తెరుచుకుంది, పని జరిగింది అని నుదురు రుద్దుకుంటూ తిరిగొచ్చాడు.

పావుగంట ఆగారు. ఆ పావుగంటలో కోళ్ళు బియ్యం డబ్బాల్లోకీ, దూడలు బీరువాలోకీ చేరాయి. తర్వాత ఉప్పునీళ్ళు. బిందెలకి బిందెలు ఉప్పు కలిపి ఇల్లంతా పోశారు. నేల మీద ఏళ్ళ నాటి పిండి ఉంది గదా, అది కాస్తా తడిసి దోసెల పిండి అయింది. కోటిలింగం జారి పేరయ్య మీద పడ్డాడు, పేరయ్య జారి దూడ మీద పడ్డాడు. బురద పలచన అవుతోందని కింద పడ్డవాళ్ళే సంతోషించారు. ఆఖరికి దగ్గాలి. ఎవరు దగ్గాలో డాక్టరు చెప్పలేదు గనక అందరూ వరసగా నిలబడి దగ్గారు. చప్పుడు విని వీధిలో వాళ్ళు మూతులకి గుడ్డలు కట్టుకున్నారు.

ఇంత చేసినా బసవపున్నయ్య కూత కూతలాగే ఉంది. అయినా అతను తమ్ముళ్ళని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నా కోసం ఇల్లంతా కడిగారర్రా అన్నాడు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతూ. వెంకాయమ్మ మాత్రం దోసెల పిండిలో కూరుకుపోయిన మంచం కోళ్ళు తుడుస్తూ, రేపు మందొస్తుంది, రేపు పడుకుంటాడని మనసులో వందసార్లు అనుకుంది.

మర్నాడు పొద్దున్నే బస్సులో తెరిచే మందు వచ్చింది. నలుగురూ మిషను ముందు కూచున్నారు. మిషనుకి పసుపు రాశారు, బొట్టు పెట్టారు, తొడుగుకి కూడా ఓ పూవు గుచ్చారు. వెంకాయమ్మ తెరిచే మందు బుడ్డి చేతిలోకి తీసుకుంది. అప్పుడు పేరయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు. ఈ ఇంటికి ముందు వచ్చిన మందు ఏది అని అడిగాడు.

ఉప్పునీటి మందు నిన్ననే వచ్చింది. బల్ల మీద నిన్నటి నుంచీ కూచుని ఉంది. తెరిచే మందు ఇప్పుడే బస్సు దిగింది. నిన్న వచ్చిన డబ్బాని వదిలేసి ఇవ్వాళ వచ్చిన డబ్బాని మరలో పోస్తామా అన్నాడు పేరయ్య. అబ్బే, ఎట్టా పోస్తాం అన్నాడు కోటిలింగం. మరి డాక్టరు ముందు తెరిచే మందు అన్నాడు గదా అని వెంకాయమ్మ నసిగింది. డాక్టరుకేం తెలుసు పాపం, షాపులో ఏది ముందు దొరికిందో చూడకుండా చెప్పాడు, చూసుంటే ఆయనా ఇదే మాట అనేవాడు అన్నాడు పేరయ్య. తేల్చుకోలేక ముగ్గురూ బసవపున్నయ్య వైపు చూశారు.

బసవపున్నయ్య ఊపిరి కూడగట్టుకున్నాడు. "నా ఛాతీ కోసం... వంతు తప్పిస్తే... రేపు ఊరికి మొహం ఎట్టా చూపిస్తాన్రా" అన్నాడు. "వచ్చిన వరసలోనే పొయ్యండి."

అంతే. గిన్నెలో ఉప్పునీటి మందు పోశారు. తొడుగు పెట్టారు. మీట నొక్కారు. పొగ వచ్చింది. బసవపున్నయ్య నాలుగుసార్లు పీల్చాడో లేదో, బిగుసుకున్న ఛాతీ ఇంకా బిగుసుకుంది. కూత రెండింతలయింది. కళ్ళు పైకి తేలాయి. మాట రాక చెయ్యి ఊపాడు. మందు పనిచేస్తోంది, అన్నయ్య చెయ్యి ఊపుతున్నాడు అని కోటిలింగం తనూ చెయ్యి ఊపాడు. పేరయ్య రెండు చేతులూ ఊపాడు. బసవపున్నయ్య రెండో చెయ్యి కూడా ఎత్తేసరికి, ఇంకా హుషారొచ్చిందన్నారు.

వెంకాయమ్మకి మాత్రం మొగుడి పెదాలు నల్లబడటం కనిపించింది. ఆవిడ బతుకులో ఎన్నడూ ఎవరూ చెప్పని పని చేసి ఎరగదు. ఆ క్షణంలో ఎవరూ చెప్పకుండానే మిషను మీట కట్టేసింది. తొడుగు లాగేసింది. చేసినందుకు భయమేసి, తప్పయితే క్షమించండని మరుదుల ముందు చేతులు జోడించింది.

సరిగ్గా అప్పుడే హనుమాయమ్మ లోపలికొచ్చింది. పొద్దుటి నుంచీ మిరపకాయల డబ్బా వరసలో పెట్టుకుని కూచున్న ఆడమనిషి. మరేమో తిరగదు, ఇంటివాళ్ళేమో బయటికి రారు. ఏం చేస్తున్నారో చూద్దామని వస్తే ఈ గొడవ. వంతు సంగతంతా పేరయ్య ఆవిడకి విడమర్చి చెప్పాడు. ఆవిడ కొంగు నడుముకి దోపుకుంది.

"మా అమ్మాయి పురిటికొచ్చినప్పుడు ముందున్న డబ్బా వాళ్ళని అడిగి నా డబ్బా ముందు పెట్టుకోలా? వాళ్ళు సరేనంటే మీరు పట్టి ఇవ్వలా? వంతుదారు ఒప్పుకుంటే వంతు మారుద్దిగా. ఆ ఉప్పు మందునే అడిగి ఏడవండి. అవతల నా కాయలు మెత్తబడిపోతున్నాయి."

ముగ్గురి మొహాలూ వెలిగాయి. నిజమే, వంతు ఉన్నవాళ్ళు వంతు ఇస్తే ఎవరి మాటా పోదు. పేరయ్య తలపాగా సర్దుకుని ఉప్పునీటి మందు బుడ్డి ముందు ఒంగాడు. "అయ్యా, మీరే ముందొచ్చారు, కాదనం. వెనకొచ్చినాయన కాస్త తొందరలో ఉన్నారు. మీ వంతు వారికిస్తారా?" బుడ్డి ఏమీ అనలేదు. మళ్ళీ అడిగాడు. ఏమీ అనలేదు. కోటిలింగం చెవి ఆనించి విన్నాడు. కాదనడం లేదు అన్నాడు. పేరయ్య దానికి దణ్ణం పెట్టాడు. మంచి కుటుంబం నుంచి వచ్చిన మందు, ఎదురు మాట్లాడదు అని అందరూ మెచ్చుకున్నారు. వెంకాయమ్మ ఇంక ఆగలేదు, గిన్నెలో ఉన్నది పారబోసి, తెరిచే మందు పోసి తొడుగు మొగుడి మొహానికి పెట్టేసింది.

పొగంతా అయిపోయింది. ఇప్పుడు పావుగంట ఆగాలి. ఆగాలన్నాడు గదా డాక్టరు, అంతే, ఆగారు. ఎవరు ఎక్కడున్నారో అక్కడే ఆగారు. కోటిలింగం ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచాడు. పేరయ్య బుడ్డికి పెట్టిన దణ్ణం దించలేదు. హనుమాయమ్మ గడప దాటబోతుంటే, కదిలావో మా అన్నయ్య చస్తాడని అరిచారు. ఆవిడ ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని తిట్టుకుంటూ నిలబడింది. పొయ్యి మీద పాలు పొంగి పొయ్యి ఆరింది. పిల్లి వచ్చి పాలగిన్నె నాకి, మూతి తుడుచుకుని వెళ్ళింది. ఎవరూ కదల్లేదు.

ఆ కదలని ఇంట్లో వెంకాయమ్మకి ఒక్క చప్పుడే వినిపించింది. మొగుడి కూత. మొదట గట్టిగా ఉంది. తర్వాత సన్నబడింది. ఇంకా సన్నబడింది. నల్లబడ్డ పెదాలకి రంగు వచ్చింది. ఆయన ఛాతీ నిండా గాలి తీసి, వదిలి, మళ్ళీ తీశాడు. వెంకాయమ్మకి ఏడుపొచ్చింది. ఏడవడానికి కదలాలి గనక పావుగంట అయ్యేదాకా ఆపుకుంది.

ఆ తర్వాత ఉప్పునీటి మందు తన వంతు తీసుకుంది. గడ్డకట్టిన కఫం పలచబడింది. బసవపున్నయ్య దగ్గాడు, చిన్న దగ్గు కాదు, ఇల్లు అదిరేట్టు దగ్గాడు. ఏళ్ళ నాటి మర దుమ్మంతా చెంబులోకి వచ్చింది. వచ్చినదాన్ని పేరయ్య వెలుగులోకి పట్టుకుపోయి చూసి, ఇందులో మనం పట్టిన పిండి ఉందని అన్నాడు. బసవపున్నయ్య లేచాడు. మంచం మీద కూచున్నాడు. నెమ్మదిగా నడుం వాల్చాడు. కాళ్ళు చాపాడు. వెంకాయమ్మ చూస్తుండగానే గుర్రు పెట్టాడు. ఆవిడ ఆ మంచం పట్టె పట్టుకుని కింద కూచుని, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా హాయిగా ఏడ్చింది.

ఇక్కడితో ఆగితే వాళ్ళు మర ఇంటివాళ్ళు ఎందుకవుతారు?

హనుమాయమ్మ మిరపకాయలు పట్టడానికి తమ్ముళ్ళు మర తిప్పితే, అది గరగరమంది, ఆగింది, మళ్ళీ గరగరమంది. లోపల కారం గడ్డలు కట్టి బెల్టు తిరగడం లేదు. కోటిలింగం మోటారుకి చెవి ఆనించాడు. లేచి, మొహం వేలాడేసుకుని, దీనికీ అన్నయ్య జబ్బే అన్నాడు. ఎందుకు కాదు? అన్నయ్య తిన్న దుమ్మే ఇదీ తింది. అన్నయ్యకంటే ఎక్కువే తింది, నాన్న హయాం నుంచీ తింటోంది. ఇన్నాళ్ళూ నోరులేని దాన్ని పట్టించుకోలేదు గదరా అని పేరయ్య కంటతడి పెట్టాడు. పెట్టెలో మిగిలిన మందు సగం అన్నయ్యకి ఉంచి, సగం మరకి తీశారు.

ఈసారి వైద్యంలో పొరపాటు రానివ్వలేదు. అంతా డాక్టరు చెప్పిన వరసే. మర నోట్లో గింజలు పోసే తొట్టికి తొడుగు కట్టి, ముందు తెరిచే మందు పొగ పట్టారు. పావుగంట కదలకుండా నిలబడ్డారు. హనుమాయమ్మ ఈసారి ముందే పారిపోయింది. తర్వాత ఉప్పునీటి మందు. అంత పెద్ద ఛాతీకి ఆ చిన్న బుడ్డి ఏ మూలకి? ఇంకేముంది, రెండు బిందెల ఉప్పునీళ్ళు కలిపారు. మర గరగరమంటుండగా మోటారులో గుమ్మరించారు.

ఢామ్మని చప్పుడైంది. నల్లటి పొగ కప్పు దాకా లేచింది. చూశారా, పొగ ఎంత బాగా పడుతోందో అన్నాడు పేరయ్య. ఆ వెంటనే వీధంతా కరెంటు పోయింది. మర ఆగింది. ఇప్పుడు దగ్గాలి అన్నాడు కోటిలింగం. దగ్గలేదు. వీపు మీద చరిచారు. రోకలితో చరిచారు. ఉలకలేదు, పలకలేదు. లోపల పడుకున్న బసవపున్నయ్య మెలకువ వచ్చి, మర చప్పుడు లేదేం అని కేకేశాడు. కరెంటు పోయిందని చెప్పింది వెంకాయమ్మ. అది అబద్ధం కాదు గనక ఆవిడ గొంతు తొణకలేదు.

మర ఆగాక ఆ సాయంత్రానికే గాల్లో దుమ్ము అణిగింది. మర్నాటికి కిటికీ కమ్మీలు శుభ్రంగా కనిపించాయి. బసవపున్నయ్య కూత ఎక్కడో అడుగున తప్ప వినిపించడం మానేసింది. రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు, కాళ్ళు చాపుకుని మధ్యాహ్నమూ నిద్రపోయాడు. మర ఆగితే మనిషి ఎందుకు బాగుపడ్డాడని ఆ ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

వాళ్ళ బెంగంతా మోటారు మీదే. ఊడదీసి, దుప్పటి కప్పి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని వెంకాయమ్మా తమ్ముళ్ళిద్దరూ ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. బయట బల్ల మీద జబ్బు మనుషుల వరసలో దాన్నీ కూచోబెట్టారు. పక్కనున్న ముసలాయన కాస్త జరిగి దానికి చోటిచ్చాడు. పేరేంటని కాంపౌండరు అడిగితే మోటారు కంపెనీ పేరు మీద కిర్లోస్కరమ్మ అనో ఇంకోటో చెప్పకుండా, బసవపున్నయ్యగారి తాలూకు అని మర్యాదగా చెప్పారు. వంతు రాగానే డాక్టరు బల్ల మీదికి ఎత్తారు.

డాక్టరు ఆ రోజు పొద్దుటి నుంచీ తలెత్తలేదు. కాగితం మీదే చూపు పెట్టి, దగ్గు ఎన్నాళ్ళ నుంచి అన్నాడు. దగ్గడం లేదయ్యా, అదే మా బాధ అన్నాడు పేరయ్య. కఫం వస్తోందా అంటే, నల్లగా కారింది అన్నాడు కోటిలింగం. గట్టిగా ఊపిరి పీల్చమని చెప్పి డాక్టరు గొట్టం చెవుల్లో పెట్టుకుని మోటారు మీద ఆనించాడు. చల్లగా తగిలేసరికి అప్పుడు తలెత్తాడు. దాన్ని చూశాడు, వాళ్ళని చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు. ముందు దీన్ని దించండి అన్నాడు. ఏ పోలికా చెప్పలేదు.

వాళ్ళు జరిగిందంతా చెప్పాక, మరి అసలు మనిషి ఎలా ఉన్నాడని అడిగాడు. బాగున్నాడయ్యా, పడుకుంటున్నాడు, మర పోయిన సంగతి ఇంకా ఆయనకి తెలియదు అంది వెంకాయమ్మ. బయట ఇంకా జనం ఉన్నారు. డాక్టరు మందులు అలాగే వాడమన్నాడు.

"ఈ సంగతి ఆయనకి ఇప్పుడే చెప్పకండి. దిగులు పడితే ఆయాసం తిరగబెడుతుంది. అంతా ఎప్పటిలాగే సాగుతోందని ఆయన అనుకోవాలి. ఆ బాధ్యత మీదేనమ్మా."

మీదేనమ్మా అని తనతోనే అన్నాడు. వెంకాయమ్మ దారి పొడుగునా ఆ మాటే అనుకుంటూ వచ్చింది. ఎప్పటిలాగే, ఎప్పటిలాగే. ఇంటికొచ్చేసరికి వీధిలో కరెంటు వచ్చేసింది. గదిలో ఫ్యాను తిరుగుతోంది. కరెంటొచ్చిందిగా, మర తిప్పరేం, డబ్బాలు ఆగిపోతాయి అని లోపల్నుంచి బసవపున్నయ్య కేక. గొంతులో అప్పుడే కాస్త దిగులు వినిపించింది.

ఇదుగో తిప్పుతున్నాం అని వెంకాయమ్మ కేకేసి, మరుదులని మరలోకి లాక్కుపోయింది. మోటారు ఉండాల్సిన చోట పేరయ్య కూచున్నాడు, బుర్రు బుర్రుమని నోటితో మోటారు చప్పుడు చేశాడు. కోటిలింగం బెల్టులాగా ఠపఠపమని చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగాడు. చాలా బాగా చేశారు. కాని కాసేపటికి లోపల్నుంచి మళ్ళీ కేక వచ్చింది. చప్పుడు వస్తోంది గాని మర తిరుగుతున్నట్టు లేదే, గదిలోకి ఏమీ రావడం లేదే అని.

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. ఎప్పటిలాగే అంటే చప్పుడొక్కటేనా? ఎప్పుడూ మర దుమ్ము కిటికీలోంచి గదిలోకి వచ్చేది గదా. వెంకాయమ్మ జల్లెడ తెచ్చింది. మూలన మిగిలిన పిండి, మర అడుగున పట్టిన కారం చేటలోకి ఊడ్చారు. అప్పుడు ఆవిడకి ఒక్క క్షణం చెయ్యి ఆగింది. డాక్టరు దుమ్ముకి దూరంగా ఉండాలన్నాడు గదా అని అడిగింది.

పేరయ్య మోటారు చప్పుడు ఆపి, ఓపిగ్గా చెప్పాడు. "మీ ఆయన్ని దుమ్ముకి దూరంగా ఉండమన్నాడు, వదినా. ఆయన మంచం మీదే ఉన్నాడు, ఎక్కడికీ పోలా. దుమ్ముని ఆయనకి దూరంగా ఉండమన్నాడా?"

అనలేదు. నిజమే, డాక్టరు ఆ మాట అనలేదు. వెంకాయమ్మ మనసు కుదుటపడింది. కిటికీ దగ్గరికి వెళ్ళి, మొగుడి మీద ఉన్న ప్రేమంతా చేతుల్లోకి తెచ్చుకుని, జల్లెడ పట్టడం మొదలుపెట్టింది. పిండి తెల్లగా లేచింది, దాని వెనకే కారం ఎర్రగా లేచింది. గాలి కూడా అటువైపే ఉంది. పేరయ్య బుర్రుమన్నాడు, కోటిలింగం ఠపఠపలాడించాడు. ముగ్గురూ చెవులు రిక్కించి విన్నారు.

లోపల బసవపున్నయ్య దగ్గాడు. ఒకసారి దగ్గి ఆగాడు, మళ్ళీ దగ్గాడు, ఇంక ఆపకుండా దగ్గాడు.

వెంకాయమ్మకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. కళ్ళనిండా నీళ్ళతో మరుదుల వైపు తిరిగింది.

"నమ్మాడు," అంది. "ఇంకో చేటెడు పొయ్యండి."